పరీక్ష తప్పిన శాస్త్రవేత్త – యల్లాప్రగడ సుబ్బారావు గారు



ఈ నెల శాస్త్రవేత్త జీవితం రాసే వంతు మా తొమ్మిదో తరగతికి వచ్చింది. పోయిన ఏడాది న్యూటన్ గారిది, ఎడిసన్ గారిది, సి.వి. రామన్ గారిది రాశారు. అన్నీ బాగున్నాయి. కానీ అవి చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది. వాళ్ళు పుట్టడమే తెలివితో పుట్టారు, మనకి దానితో ఏం పని అని. అందుకే ఈసారి పరీక్ష తప్పిన శాస్త్రవేత్త ఎవరైనా ఉన్నారా అని సైన్సు సారుని అడిగాను. సారు నవ్వి ఒక పేరు చెప్పారు. ఆ పేరు పట్టుకుని లైబ్రరీ బీరువాలో వెతికాను, సారు దగ్గర ఉన్న పుస్తకం కూడా చదివాను. కొన్ని పేజీలు రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. అర్థమైనంత రాస్తున్నాను.

ముందు మన హాస్టల్ సంగతితో మొదలుపెడతాను. గురువారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎ.ఎన్.ఎం. అక్క మనకి నీలం రంగు మాత్ర ఇస్తుంది కదా. మనం రక్తం మాత్ర అంటాం. వరసలో నిలబెట్టి, మింగేదాకా చూస్తుంది. అయినా కొందరు నాలుక కింద దాచిపెట్టి చేతులు కడిగే పంపుల దగ్గర ఉమ్మేస్తారు. ఎవరెవరో రాయను. ఏడో తరగతిలో నేనూ ఉమ్మేసినదాన్నే. కడుపులో తిప్పుతుందని భయం. ఆ మాత్రల అట్ట వెనక రెండు పేర్లు ఉంటాయి. ఒకటి ఐరన్, అంటే ఇనుము. రెండోది ఫోలిక్ యాసిడ్. ఆ రెండోదాన్ని ప్రయోగశాలలో తయారు చేసే దారి కనిపెట్టిన బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? మన గోదావరి వైపు మనిషే. భీమవరంలో పుట్టాడు. ఆయనే పరీక్ష తప్పిన సుబ్బారావు గారు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. తండ్రి రెవిన్యూ ఆఫీసులో పనిచేసేవారు. జబ్బు చేసి ఉద్యోగం ముందే మానేయవలసి వచ్చింది. అంత పెద్ద కుటుంబానికి చిన్న రాబడి. తర్వాత రాజమండ్రిలో ఉండి చదువుకున్నారు. రాజమండ్రి అంటే మనకి పెద్దాసుపత్రి ఉన్న ఊరు, బస్సు ఎక్కి ఎప్పుడైనా జబ్బుకే పోతాం. ఆ ఊళ్ళో ఇలాంటి మనిషి చదివాడని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

ఒక సంగతి ఉన్నది ఉన్నట్టు రాయాలి. వాళ్ళ ఇంట్లో అప్పటికే చదువు ఉంది. తండ్రి ఆఫీసులో రాసే మనిషి. మన ఇళ్ళల్లో చాలామందికి మనమే మొదటివాళ్ళం. మా అమ్మ వేలిముద్ర వేస్తుంది, నా మార్కుల కాగితం తిరగేసి పట్టుకుని చూస్తుంది. కాబట్టి ఆయనా మనమూ ఒకటే అని నేను అనను. కానీ ఇంట్లో డబ్బు లేకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం, ఈ రెండూ మనకి బాగా తెలిసినవే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి. చిన్నప్పటిది కాబట్టి పారిపోయాడు అనే రాస్తాను, పెద్దయ్యాక మళ్ళీ గారు అంటాను. ఆయనకి పదమూడేళ్ళప్పుడు చదువు వద్దనుకుని, చుట్టాలబ్బాయిని వెంటబెట్టుకుని ఇంట్లోంచి పారిపోయాడంట. ఎక్కడికో తెలుసా? కాశీకి! గంగ ఒడ్డున యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి బోలెడు డబ్బు సంపాదించాలని. కాశీ దాకా చేరనే లేదు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మళ్ళీ బడిలో వేశారు. ఇది చదివినప్పుడు నేను ఒక్కదాన్నే లైబ్రరీలో నవ్వాను. మన హాస్టల్ నుంచి పారిపోయి, గుట్ట దిగి, సంత దాకా పోయి దొరికిపోయినవాళ్ళు ఎంతమంది లేరు! వాళ్ళు కూడా కూలికి పోతే రోజుకి ఇంత వస్తుంది, మిరపతోటకి పోతే ఇంత వస్తుంది అని లెక్కలు కట్టుకునే పోయారు. అరటిపళ్ళ లెక్క అలాంటిదే.

వెనక్కి తెచ్చారు గానీ చదువు ఒక్కసారిగా వచ్చేయలేదు. ఆ రోజుల్లో మెట్రిక్యులేషన్ అని పరీక్ష ఉండేది, ఇప్పటి పదో తరగతి లాగా. అది తప్పాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ తప్పాడు. ఈ రోజుల్లోనే తండ్రి కూడా చనిపోయారు. ఇంక ఎవరైనా చదువు ఆపేస్తారు. తల్లి వెంకమ్మ గారు ఆపనివ్వలేదు. ఉన్న బంగారం అమ్మి, మంగళసూత్రం బంగారం కూడా అమ్మిందని చెప్తారు, కొడుకుని మద్రాసు పంపించింది. అక్కడ హిందూ హైస్కూలులో చదివి మూడోసారి రాస్తే పాసయ్యాడు.

మూడోసారి. నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. దసరా ముందు పరీక్షల్లో ఫిజికల్ సైన్సులో నాకు 50కి 9 మార్కులు వచ్చాయి. ఆ కాగితం ట్రంకుపెట్టె అడుగున బట్టల కింద పెట్టాను. ఇంటికి పోయాక మా అమ్మకి బాగానే వచ్చాయని చెప్పాను. ఆమె చదవలేదు కదా, నమ్మింది. అలా చెప్పడం తప్పని తెలుసు. కానీ ఆ తొమ్మిది మార్కుల కంటే ఆమె నమ్మడమే నాకు ఎక్కువ బాధ పెట్టింది. ఇంక సైన్సు నాకు రాదులే, పది అయ్యాక ఏదో ఒకటి అనుకున్నాను. అలాంటప్పుడు ఈ మూడోసారి సంగతి చదివాను. సరే, మళ్ళీ ఆయన కథలోకి వస్తాను.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివారు. అప్పుడు ఆయనకి సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరిపోతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి ఒప్పుకోకపోతే మఠం వాళ్ళు చేర్చుకోరు. వైద్యం చదువుకుంటే మఠం ఆసుపత్రుల్లో సేవ చేయవచ్చు కదా అని వాళ్ళే సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చూడండి, ఆయన డాక్టరు అవ్వాలని పుట్టలేదు. అరటిపళ్ళ వ్యాపారం కుదరలేదు, సన్యాసం కుదరలేదు, ఆ తర్వాత వైద్యం. ఫీజులకి స్నేహితులు సాయం చేశారు, కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు అనే ఆయన సాయం చేశారు. 1919లో ఆ మూర్తి గారి అమ్మాయి శేషగిరి గారితోనే పెళ్ళి అయింది.

ఈ మధ్యలోనే ఒక పెద్ద దుఃఖం. ఆయన అన్నదమ్ములు ఇద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, ఒకరి వెనక ఒకరు చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. మన వైపు గ్రహణి అంటారు. ఆ జబ్బు వస్తే తిన్న అన్నం పేగుల్లో ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, నాలుక పుండైపోతుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి రోజురోజుకీ ఎండిపోతాడు. ఆ రోజుల్లో డాక్టర్ల దగ్గర దానికి సరైన మందు లేదు. ఈయన వైద్యం చదువుతున్నా చేయగలిగింది లేకపోయింది. కొన్నాళ్ళకి ఆ జబ్బు ఈయనకి కూడా వచ్చిందని, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదం మందుతో బతికారని చెప్తారు.

నా లెక్కలో ఈయన జీవితం ఇక్కడే తిరిగింది. ఇంతకు ముందు ఎవరో ఒకరు తోస్తే చదివారు. ఇక్కడి నుంచి ఒక ప్రశ్న ఆయన్ని లాక్కుపోయింది. ఈ జబ్బు ఎందుకు వస్తుంది, రక్తం ఎందుకు తగ్గిపోతుంది, మందు ఎక్కడుంది అని. పుస్తకంలో ఇలా రాసి లేదు, ఇది నేను అనుకుంటున్నది. మీరు వేరేగా అనుకోవచ్చు.

మెడికల్ కాలేజీలో కూడా తిన్నగా సాగలేదు. గాంధీ గారు విదేశీ బట్టలు వదిలేయమని పిలుపు ఇచ్చిన కాలం అది. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలో వేసుకునే బట్టలు కూడా ఖద్దరువే కుట్టించుకుని వేసుకున్నారు. శస్త్రచికిత్స చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కి కోపం వచ్చింది. రాత పరీక్షలు బాగా రాసినా చివరకి ఈయనకి ఎం.బి.బి.ఎస్. ఇవ్వలేదు. దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. ప్రభుత్వ వైద్య ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ రాలేదు. మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణం పాఠం చెప్పే ఉద్యోగంలో చేరారు. పరీక్ష తప్పితే మన తప్పు అనుకుంటాం. ఇక్కడ బాగా రాసినా తక్కువ ఇచ్చారు. అలాంటిది జరిగితే నేనైతే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. ఆయన ఖద్దరు విప్పలేదు, చదువూ వదల్లేదు.

అమెరికాలో హార్వర్డ్ అని పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఉష్ణదేశాల జబ్బుల గురించి చదివే కోర్సు ఉంది. స్ప్రూ లాంటి జబ్బులన్నీ అందులోకే వస్తాయి. దానికి వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది, మామగారు కొంత డబ్బు పోగుచేశారు. ఇరవై ఏడేళ్ళు దాటిన వయసులో ఓడ ఎక్కి బోస్టన్ నగరం చేరారు.

అక్కడ ఆయన చేసిన మొదటి ఉద్యోగాల్లో ఒకటి వింటే మీరు నమ్మరు. ఆసుపత్రిలో రాత్రిపూట పని. రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడగడం. చదువుకున్న డాక్టరు, ఫీజు కోసం, తిండి కోసం ఆ పని చేశారు. పొద్దున్నే మళ్ళీ తరగతికి వెళ్ళేవారు. పోయిన నెల మరుగుదొడ్లు కడిగే వంతు మా గదికి వచ్చినప్పుడు మేమందరం ముఖాలు ముడుచుకున్నాం. వార్డెన్ మేడం గారికి గుర్తుండే ఉంటుంది.

ఆ కోర్సు పూర్తయ్యాక హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్రం విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర పరిశోధనలో చేరారు. ఇక్కడి నుంచి కొంచెం సైన్సు ఉంటుంది, ఓపిగ్గా చదవండి. నేను సారుతో మూడుసార్లు చెప్పించుకుని రాస్తున్నాను.

మన రక్తంలో, కండల్లో భాస్వరం ఉంటుంది. అది ఎంత ఉందో కొలవడం అప్పట్లో కష్టం. ఫిస్క్ గారు, సుబ్బారావు గారు కలిసి ఒక సులువైన పద్ధతి కనిపెట్టి 1925లో ప్రకటించారు. కొంచెం రక్తం తీసుకుని, అందులోని మాంసకృత్తులు తీసేసి, మాలిబ్డేటు అనే రసాయనం కలిపి, ఇంకొక రసాయనం చేర్చితే నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎక్కువ ఉంటే ముదురు నీలం, తక్కువ ఉంటే లేత నీలం. రంగుని చూసి లెక్క కట్టొచ్చు. బట్టలకి నీలిమందు పెట్టేటప్పుడు బకెట్లో రంగు చూసి ఎక్కువైందో తక్కువైందో మనం చెప్పమా, అలాంటిదే, కాకపోతే వాళ్ళది కచ్చితమైన కొలత. వాళ్ళిద్దరి పేర్లతో ఆ పద్ధతిని ఇప్పటికీ బయోకెమిస్ట్రీ చదివేవాళ్ళు నేర్చుకుంటారు.

అసలు విచిత్రం తర్వాత జరిగింది. కండ నుంచి తీసిన రసానికి ఈ పరీక్ష చేస్తే నీలం రంగు ఒక్కసారిగా రాలేదు. మెల్లమెల్లగా ముదురుతూ వచ్చింది. ఇంకెవరైనా అయితే ప్రయోగం పాడైందని పారబోసేవారు. మన ల్యాబులో మనం చేసేది అదే కదా, రంగు సరిగ్గా రాకపోతే పారబోసి పక్కవాళ్ళ రికార్డు చూసి రాసుకుంటాం. వాళ్ళు పారబోయలేదు. రంగు ఎందుకు ఆలస్యంగా వస్తోందని వెంటపడ్డారు. కండలో భాస్వరం వేరొక పదార్థంతో కలిసి దాక్కుని ఉందని, అది మెల్లగా విడిపోతోందని తేలింది. ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతి లోకానికి చెప్పారు. 1929లో ఏటీపీ గురించి ప్రకటించారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ గారు కూడా విడిగా కనిపెట్టారు. ఏటీపీ అంటే పదో తరగతి అక్కల పుస్తకంలో శ్వాసక్రియ పాఠంలో ఉంటుంది. మనం పరిగెత్తినా, కట్టెలు మోసినా, ఇది రాసేటప్పుడు నా వేళ్ళు కదిలినా, ఖర్చయ్యేది ఏటీపీనే. పాఠంలో సుబ్బారావు గారి పేరు ఉందేమోనని వెతికాను. నాకు కనిపించలేదు.

1930లో పిహెచ్.డి. వచ్చింది. మెట్రిక్ రెండుసార్లు తప్పినవాడికి హార్వర్డ్ పిహెచ్.డి.! కానీ ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. చిన్న చిన్న పదవుల్లోనే ఏళ్ళు గడిచిపోయాయి. ఆయన చేసిన పని కొంత బయటికి రాకుండా ఉండిపోయిందని, తర్వాతి కాలంలో వేరేవాళ్ళు దాన్ని మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందని ఆయనతో పనిచేసిన హిచింగ్స్ గారు చెప్పారు. ఆ హిచింగ్స్ గారికి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

1940లో హార్వర్డ్ వదిలి లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకి వెళ్ళారు. న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉండేది. కొన్నాళ్ళకే అక్కడ పరిశోధన అంతటికీ పెద్ద అయ్యారు. ఇప్పుడు మన నీలం మాత్ర దగ్గరికి వచ్చాం.

దీనికి ముందు ఒక ఆమె గురించి చెప్పాలి. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928లో మన దేశం వచ్చి బొంబాయిలో పనిచేసింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణీ స్త్రీలు రక్తం తగ్గి ప్రాణం మీదికి తెచ్చుకోవడం చూసింది. వాళ్ళకి ఈస్టుతో చేసిన పదార్థం తినిపిస్తే రక్తం పట్టింది. అంటే అందులో ఏదో ఉంది. ఏముందో తెలీదు. 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి కొంచెం తీయగలిగారు. ఆకుని లాటిన్ భాషలో ఫోలియం అంటారు, అందుకే ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కానీ టన్నుల కొద్దీ ఆకు నుంచి చిటికెడు కూడా రాదు. అలా తీసి జనానికి ఏం పంచుతారు? దాని నిర్మాణం ఏమిటో తెలుసుకుని ప్రయోగశాలలో తయారు చేయాలి. సుబ్బారావు గారి బృందం కాలేయం నుంచి తీసి, ఒక సూక్ష్మజీవి నుంచి తీసి, విడగొట్టి, మళ్ళీ కలిపి, చివరకి 1945లో తయారు చేసింది. బృందంలో చాలామంది ఉన్నారు, కాబట్టి ఆయన ఒక్కడే చేశాడని రాయకూడదని సారు చెప్పారు. నడిపించింది మాత్రం ఆయన.

తర్వాత డాక్టర్లు ఆ మందుని స్ప్రూ రోగులకి ఇచ్చి చూశారు. కోలుకున్నారు. స్ప్రూ! అన్నదమ్ములిద్దరినీ తీసుకుపోయిన జబ్బు. అప్పటికి పాతికేళ్ళు దాటింది. ఈ పేజీ చదివాక నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

మన హాస్టల్లో సికిల్ సెల్ ఉన్న చెల్లెలు ఒకామె రోజూ మాత్ర వేసుకుంటుంది కదా, అదీ ఫోలిక్ యాసిడే అని ఎ.ఎన్.ఎం. అక్క చెప్పింది. ఆమెకి రక్తకణాలు తొందరగా పగిలిపోతాయి, కొత్తవి తయారవ్వాలంటే అది కావాలి. మన అందరికీ అంతే, కొత్త రక్తం పుట్టాలంటే ఇనుము ఒక్కటే చాలదు.

ఆయన పని ఇంతటితో అయిపోలేదు, కానీ కాగితం అయిపోతోంది, తొందరగా రాస్తాను. ఫోలిక్ యాసిడ్‌ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే మందుని కూడా ఆయన పరిశోధనశాల తయారు చేసింది. పేరు అమినోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో మెరుగు కనిపించింది. ఆ మెరుగు కొన్నాళ్ళే ఉంది. అయినా అంతకు ముందు ఆ పిల్లల్ని చూసి చేతులెత్తేయడమే తప్ప మందు లేదు. 1948లో ఆ సంగతి ప్రకటించారు. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. బోదకాలు రాకుండా ఇళ్ళకి వచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర 1947లో ఆయన పరిశోధనశాల నుంచి వచ్చిందే. కింద గోదావరి ఊళ్ళల్లో బోదకాలు ఉన్నవాళ్ళని మనం సంతల్లో చూస్తూనే ఉంటాం.

ఇంకొకటి. డగ్గర్ అనే వృక్షశాస్త్రం ప్రొఫెసరు రిటైర్ అయిపోయిన ముసలాయన. డెబ్బై దాటిన ఆయన్ని సుబ్బారావు గారి పరిశోధనశాలలో పెట్టుకున్నారు. ఆ తాత మట్టిలో ఉండే సూక్ష్మజీవుల్ని వెతికి వెతికి ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. ఇప్పుడు ఒక సంగతి గమనించండి. స్ప్రూ జబ్బుకి ఈ రోజు డాక్టర్లు ఇచ్చేది ఏమిటని సారు వైద్యం పుస్తకంలో చూపించారు. ఫోలిక్ యాసిడ్, దానితో పాటు టెట్రాసైక్లిన్. రెండు మందుల మూలమూ ఆయన పరిశోధనశాలే.

నాకు నచ్చని సంగతి కూడా రాయాలి. ఆయన అమెరికా వెళ్ళాక మళ్ళీ మన దేశం రాలేదు. ఆయన వెళ్ళాక కొడుకు పుట్టి, పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరి గారు ఇక్కడ ఎదురుచూస్తూనే ఉండిపోయారు. లోకంలో అందరి జబ్బులకీ మందు వెతికిన మనిషికి ఇంటికి రావడానికి ఒక్కసారి కుదరలేదా అని నాకు కోపం వచ్చింది. మా గదిలో ఒక అక్క మాత్రం ఆయన వచ్చేసి ఉంటే ఆ మందులు వచ్చేవి కావు అంది. ఆ రాత్రి లైటు ఆర్పేదాకా వాదించుకున్నాం. తేలలేదు. అమెరికా పౌరసత్వం కూడా తీసుకోలేదు ఆయన. ఏ మనసుతో ఉన్నారో.

1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి మరణించారు. 53 ఏళ్ళు. నోబెల్ బహుమతి రాలేదు. ఒక బూజు జాతికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. నూరేళ్ళు నిండిన సందర్భంగా 1995లో మన ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. బొమ్మ చూసి పక్కన గీశాను. ముక్కు సరిగ్గా రాలేదు, క్షమించండి.

చివరికి ఒక మాట. మా తరగతిలో ఒకమ్మాయి దసరా సెలవులకి ఇంటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. పేరు రాయను, మీ అందరికీ తెలుసు. ఆమె ట్రంకుపెట్టె ఇంకా మా వరసలోనే ఉంది, తాళం వేసి. ఆమెకీ ఫిజికల్ సైన్సులో నాలాగే వచ్చాయి. నాకన్నా రెండు ఎక్కువే. ఇప్పుడు తల్లితో కూలికి పోతోందని సంతలో ఎవరో చెప్పారంట. వెళ్ళేముందు రోజు నా తొమ్మిది మార్కుల సంగతి ఆమెకి కూడా చెప్పలేదు నేను. చెప్పి ఉంటే తను ఒక్కదాన్నే తప్పాననుకునేది కాదేమో.

నెలాఖరులో ఈ గోడపత్రిక తీసేసేటప్పుడు ఈ కాగితం నాకు ఇమ్మని వార్డెన్ మేడం గారిని అడిగాను. ఇస్తామన్నారు. సంక్రాంతి సెలవులకి మా ఊరు పోవాలంటే వాళ్ళ ఊరి మీద నుంచే పోవాలి. బస్సు అక్కడ పది నిమిషాలు ఆగుతుంది. ఈ కాగితం, నా మార్కుల కాగితం, ఆమె ట్రంకుపెట్టె మూడూ తీసుకెళ్దామనుకున్నాను. పెట్టె వద్దు, ఇక్కడే ఉండనీ అన్నారు మేడం గారు.

– తొమ్మిదో తరగతి